అసిరమ్మ నలుపు

జ్ఞానాపురంలో మా వీధికి తెల్లవారేది
అసిరమ్మ చీపురు చప్పుడుతో.
రాత్రంతా పోర్టు మీంచి ఎగిరొచ్చిన బొగ్గుపొడిని
గుమ్మం ముందు ఓ గుప్పెడు పోగుచేసి
"ఇదిగో, నేటి కూలి" అంటుంది, ఎవరితోనూ కాకుండా.
ఆరేసిన చీర మీద, ఎండబెట్టిన చేప మీద,
మూత మరిచిన పాలమీగడ మీద
అదే నలుపు.
గాలి సముద్రం వైపు మళ్ళిన రోజు ఒక్కటే
ఆమెకు సెలవు.

ఆమె మేడమీద అద్దెకుంటాను.
యూనివర్సిటీ ల్యాబ్‌లో నా పనీ నలుపుతోనే.
చర్చిలో కొవ్వొత్తుల మసి గాజుపలక మీద పట్టి
ఆమ్లంలో పన్నెండు గంటలు ఉడికించి
వడగట్టి, మళ్ళీ వడగట్టి
చివరికి మిగిలింది చూస్తే
పల్చటి టీ డికాక్షన్. అంతే.
చీకటిగదిలో అతినీలలోహిత దీపం వెయ్యాలి అప్పుడు.
లాసన్స్ బే దగ్గర ఎప్పుడో ఓ రాత్రి
అల విరిగిన చోట వెలిగే నీలం
నా పరీక్షనాళికలో.

"ఒకో గింజ ఎంతుంటాదే, పిలోమీ?"
"నీ వెంట్రుక మందంలో పదివేలు పక్కపక్కన పడుకుంటాయి."
కాసేపు ఆలోచించింది.
"మరయితే, ఏటితో తుడుస్తావే దాన్ని?"

నాకు జవాబు తెలీదు.
థీసిస్‌లో ఆ ప్రశ్నకు నాలుగు పేజీలిచ్చాను.
జవాబు మాత్రం ఇవ్వలేదు.

ఆ ఎండాకాలం ఆమె కుడి రొమ్ములో గడ్డ.
కేజీహెచ్ మెట్ల మీద ఫైలు ఒళ్ళో పెట్టుకుని
మధ్యాహ్నం దాకా కూర్చున్నాం.
డాక్టర్ ఖుర్షీద్ కాగితం మీద చంక గీసి చూపించింది:
గడ్డ పక్కన సన్నటి కార్బన్ సిరా ఎక్కిస్తాం,
అది తనంతట తనే దారి వెతుక్కుని
మొదటి గ్రంథి దాకా పోయి ఆగుతుంది,
నల్లబడ్డదాన్నే తీస్తాం, పరీక్షకు పంపుతాం.
అది శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోం.
చెయ్యి వాచిపోయే ప్రమాదం తగ్గుతుంది.

చెయ్యి అన్నమాట దగ్గర అసిరమ్మ తలెత్తింది.
చీపురు పట్టే చెయ్యి.
తర్వాత నవ్వింది, పళ్ళన్నీ కనపడేలా.
"ముప్పయ్యేళ్ళు దీన్ని గుమ్మం దాటనివ్వలేదు డాక్టరమ్మా.
ఇప్పుడు నువ్వే సూదేసి పంపుతావా లోపలికి?"

ఖుర్షీద్ ఏమీ అనలేదు.
నేను గోడ మీద బల్లిని చూశాను.

రెండు గ్రంథులు దొరికాయట,
బఠాణీ గింజలంత, కాటుక పూసినట్టు.
రెండూ శుభ్రం.

వార్డులో మూడో రాత్రి నిద్రపట్టక చెప్పింది:
ఆముదం దీపం మీద ఇత్తడి చెంబు బోర్లించి
తెల్లారి గోటితో గీకిన మసి గురించి,
తన నలుగురు పిల్లల బుగ్గల మీద
అదే వేలితో పెట్టిన దిష్టిచుక్కల గురించి.
"నాకెవరూ పెట్టలేదే. ఇదిగో ఇప్పుడు పెట్టారు,
పైకి కనపడకుండా."

నేను తల ఊపాను.
మా ఎలుకల కాలేయంలో తొంభయ్యో రోజున కూడా
మిగిలిపోయిన మరక గురించి చెప్పలేదు.
అది వేరే కణం, వేరే మోతాదు,
ఈ సిరాతో సంబంధం లేదు.
అలాగని నిద్రపట్టిందా? లేదు.
ఆమె ఊపిరితిత్తుల్లో
ఏ సూదీ అక్కర్లేకుండా చేరిన నలుపుని
ఎక్స్‌రేలో చూశాను కూడా.
మందూ మసీ ఒకే ఇంట పుట్టాయని
పాఠం చెప్పడం తేలిక.

ఇంటికొచ్చాక చీపురు నేనందుకున్నాను.
గాలి పోర్టు వైపు నుంచే వీస్తోంది.
గుప్పెడు పోగయింది, మునివేళ్ళు నల్లబడ్డాయి,
కడిగినా గోళ్ళ కింద ఉండిపోయింది.

మంచం మీంచి అసిరమ్మ
"ఒలే, ఆ మూల ఒగ్గేశావు" అంది,
వాపులేని కుడిచెయ్యి చాచి
మూల చూపిస్తూ.